పాదరసము చెప్పిన లెక్క

పాదరసమును, గంధకమును కల్వములో వేసి నూరినచో, వెండివలె మెరిసే ద్రవమూ, పసుపుపచ్చని పొడీ రెండూ కంటికి మాయమై నల్లని కజ్జలి మిగులుతుంది. ఈ సంగతిని భారతీయ రసవైద్యులు శతాబ్దాలుగా ఎరుగుదురు. ఇంగిలీకము నుండి మరల పాదరసమును రాబట్టే విద్యయు వారికి తెలుసు. పదార్థము రూపు మారుతుందనడానికి వారికి వేరే సాక్ష్యము అక్కరలేకపోయినది. అయితే ఆ మార్పులో పోయినదెంత, వచ్చినదెంత అన్న ప్రశ్నతోనే ఆధునిక రసాయనశాస్త్రము బలపడినది.

ఆ ప్రశ్నను త్రాసు ముందు నిలిపినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశీయుడైన లావోయిజర్. ఆయన పాదరసమును గాలిలో పన్నెండు దినములు వేడిచేయగా ఎర్రని భస్మము ఏర్పడినది. ఆ భస్మమును 45 గ్రెయినులు తీసుకొని ఇంకను వేడిచేయగా 41½ గ్రెయినుల పాదరసమూ, కొంత వాయువూ లభించినవి. తగ్గిన మూడున్నర గ్రెయినులు నశించలేదు. వాయురూపమున పాత్రలో పట్టుబడినవి. అదే ఆమ్లజని. చర్యకు ముందున్న పదార్థరాశియే చర్య తరువాతను ఉంటుందని 1789లో వెలువరించిన గ్రంథములో ఆయన స్పష్టము చేశాడు.

నేటి విద్యార్థి వ్రాసే సమీకరణము ఈ లెక్కకు సంగ్రహరూపము. ఎర్రభస్మపు సూత్రములో పాదరస పరమాణువు ఒకటి, ఆమ్లజని పరమాణువు ఒకటి. కాని ఆమ్లజని వాయువుగా వెలువడినప్పుడు దాని పరమాణువులు రెండేసి జంటకట్టి ఉంటాయి. కనుక ఎడమవైపు ఒకటి, కుడివైపు రెండు అయి లెక్క తప్పుతుంది. అందుకని భస్మపు సూత్రములో మరొక ఆమ్లజనిని చేర్చరాదు. చేర్చినచో అది వేరొక పదార్థమవుతుంది. భస్మమునే రెండింతలు తీసుకొనవలె. అప్పుడు రెండు పాదరస పరమాణువులూ, ఒక ఆమ్లజని అణువూ వస్తాయి. ఇరువైపులా నాలుగేసి పరమాణువులు సరిపోతాయి.

ఈ శాస్త్రమును ఎడింబరోలో అభ్యసించి వచ్చిన ప్రఫుల్ల చంద్ర రాయ్, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో పాదరసముతోనే పరిశోధనలు సాగించి, 1896లో మెర్క్యూరస్ నైట్రైట్ అనే పసుపుపచ్చని స్ఫటిక పదార్థమును లోకానికి తెలియజేశారు. అటుపిమ్మట ప్రాచీన రసగ్రంథములను శోధించి, 1902లో హిందూ రసాయనశాస్త్ర చరిత్ర మొదటి సంపుటమును ప్రకటించారు. మూసను, కొలిమిని, పుటమును ఇంతగా ఎరిగిన జాతి ఎందుకు ముందుకు సాగలేదన్న ప్రశ్న ఆ గ్రంథములో ఉన్నది. కులవ్యవస్థ చేతిపనులను నీచముగా చూచినది. ఆలోచించేవారు కొలిమికి దూరమయినారు. కొలిమివద్ద ఉన్నవారికి విద్య దూరమయినది. ఇదే ఆయన ఇచ్చిన సమాధానము.

ఆ సమాధానము అసంపూర్ణమని వాదించేవారు ఉండవచ్చును. వెలువడే వాయువును పట్టి తూచడము యూరపులోను పదునెనిమిదవ శతాబ్దిలోనే స్థిరపడినది. అయినను రాయ్ చూపిన లోటు నిజమైనదే. ప్రశ్నించే బుద్ధియు, పని తెలిసిన చేయియు ఒకే మనిషిలో కలియనంతకాలము ఆ లోటు తీరదు. సమీకరణమును కాగితముపై సరిచూచుకొనే బాలుడు ఒక్కసారియైనా త్రాసు పట్టుకొని తూచి చూడవలెను.