గడువే అసలు సరుకు

సోనీ 2020 నుంచి తన ప్లేస్టేషన్ గేమ్‌లను పీసీకి తెస్తున్న తీరును ఒక్క వాక్యంలో కుదిస్తే ఇలా ఉంటుంది: "ఖరీదైన ఎక్స్‌క్లూజివ్‌ను, కన్సోల్ గిరాకీ చెడకుండా, గడువు తీరాక, శుభ్రమైన పోర్టుగా, పరాయి దుకాణంలో అమ్ము." ఇది ఏ కంపెనీ పత్రంలోనూ ఉన్న వాక్యం కాదు, వాళ్ల ఆచరణ చూసి కూర్చింది. ఇందులో ప్రతి మాట వెనకా ఒక లాభనష్టాల లెక్క ఉంది. వరసగా చూద్దాం.

ఖరీదైన: 2023 జూన్‌లో అమెరికాలో వ్యాపార పోటీని కాపాడే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీకీ మైక్రోసాఫ్ట్‌కీ మధ్య కేసు నడుస్తుండగా సోనీ పత్రాలు కోర్టు ముందుకొచ్చాయి. బయటపడకూడని అంకెలను నల్ల మార్కర్‌తో కొట్టేసి స్కాన్ చేశారు. స్కాన్‌లో సిరా కింది అంకెలు కనిపిస్తూనే ఉన్నాయి. 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2'కు 22 కోట్ల డాలర్లు, 'హొరైజన్ ఫర్‌బిడెన్ వెస్ట్'కు 21.2 కోట్ల డాలర్లు ఖర్చయిందని అలా లోకానికి తెలిసింది. అంత పెట్టుబడిని ఒక్క కన్సోల్ కొన్నవాళ్ల దగ్గరే రాబట్టుకోవడం ఏటేటా కష్టమవుతోంది. పీసీకి తెచ్చేటప్పుడు కథ, సంగీతం, నటుల గొంతులు అన్నీ సిద్ధంగా ఉంటాయి. కొత్తగా పెట్టేదల్లా పోర్టు ఖర్చే, అంటే గేమ్‌ను పీసీలో నడిచేలా మలిచే ఖర్చే.

ఎక్స్‌క్లూజివ్‌ను: ఒక్క కంపెనీ కన్సోల్‌లోనే దొరికే గేమ్ అన్నమాట. ఇది గేమ్ అమ్మడానికి కాదు, కన్సోల్ కొనిపించడానికి. ఈ విషయంలో ముగ్గురిదీ మూడు దారులు. నింటెండో తన మారియో, జెల్డా గేమ్‌లను అసలు పీసీ గడప తొక్కనివ్వదు. మైక్రోసాఫ్ట్ 2016 నుంచి తన గేమ్‌లను ఎక్స్‌బాక్స్‌తో పాటే విండోస్‌కూ ఇవ్వడం మొదలుపెట్టింది. దాంతో చేతిలో మంచి పీసీ ఉన్నవాడికి ఎక్స్‌బాక్స్ కొనాల్సిన పని లేకుండా పోయింది. సోనీది ఈ రెంటికీ నడిమి దారి.

కన్సోల్ గిరాకీ చెడకుండా: వాక్యమంతటికీ ఆయువుపట్టు ఈ మాటే. యంత్రం మీద మిగిలేది తక్కువ. పీఎస్5ను సోనీ తొలి నెలల్లో నష్టానికే అమ్మింది. రాబడి ఆ తర్వాత మొదలవుతుంది. ప్లేస్టేషన్ స్టోర్‌లో ఇతర కంపెనీల గేమ్ ఏది అమ్ముడైనా దాదాపు 30 శాతం సోనీది. పైగా ఆన్‌లైన్‌లో ఆడేందుకు పీఎస్ ప్లస్ చందా ఉంది. పీసీలో అలాంటి చందా లేదు.

చిన్న లెక్క వేద్దాం. ఒక ఆటగాడు కన్సోల్ మీద 60 డాలర్ల బయటి గేమ్‌లు పది కొన్నాడనుకుంటే సోనీకి 180 డాలర్లు వస్తాయి. అదే సోనీ గేమ్ ఒకటి స్టీమ్ అనే పీసీ గేమ్‌ల ఆన్‌లైన్ దుకాణంలో 60 డాలర్లకు అమ్ముడైతే, దాని 30 శాతం కమీషన్ పోగా చేతికొచ్చేది 42. అంటే పీసీ వల్ల ఒక్క కన్సోల్ ఖాతాదారు జారిపోతే, ఆ గండి పూడ్చడానికి నలుగురైదుగురు కొత్త పీసీ కొనుగోలుదారులు కావాలి.

గడువు తీరాక: ఆ జారుడును ఆపేది గడువే. థియేటర్‌లో ఆడుతున్న సినిమా మర్నాడే ఓటీటీలో దొరికితే టికెట్ ఎవరు కొంటారు? ఇక్కడా అంతే. 'హొరైజన్ జీరో డాన్' 2017లో పీఎస్4కు వస్తే, పీసీకి 2020 ఆగస్టులో వచ్చింది. 2018 నాటి 'గాడ్ ఆఫ్ వార్' 2022 జనవరిలో వచ్చింది. ఆ ఏడాది నవంబరులోనే దాని రెండో భాగం 'రాగ్నరాక్' కన్సోల్‌లో విడుదలైంది. పాత భాగం పీసీలో డబ్బు తెస్తూనే, కొత్త భాగానికి ఊరూరా చాటింపు వేసిందన్నమాట. తర్వాత గడువు కుదించుకుపోయింది. 'రాగ్నరాక్'కు రెండేళ్ల లోపే, 'స్పైడర్‌మ్యాన్ 2'కు పదిహేను నెలలే పట్టింది.

పదిమంది కూడి ఆడే గేమ్‌కు మాత్రం గడువు పనికిరాదు. జనం లేకపోతే ఆటే లేదు. అందుకే 'హెల్‌డైవర్స్ 2'ను 2024 ఫిబ్రవరి 8న పీఎస్5కూ పీసీకీ ఒకేరోజు వదిలారు. పన్నెండు వారాల్లో 1.2 కోట్ల కాపీలు పోయాయి. 2025 ఆగస్టులో అదే గేమ్‌ను సోనీ ఎక్స్‌బాక్స్‌కూ ఇచ్చింది.

శుభ్రమైన పోర్టుగా: కన్సోల్‌లో హార్డ్‌వేర్ అందరికీ ఒకటే. పీసీలో గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్, డ్రైవర్ ఎవరివి వాళ్లవి. 2023 మార్చిలో 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1' పీసీకి వచ్చినప్పుడు, మొదటిసారి తెరవగానే షేడర్లు (తెర మీది దృశ్యాలను గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవడానికే చాలామందికి అరగంట దాటింది. స్టీమ్‌లో రెండు గంటలకు మించి ఆడితే మామూలుగా డబ్బు వాపసు రాదు. షేడర్లు తయారవుతున్నంతసేపూ ఆడుతున్నట్టే లెక్క. తిట్ల మీద తిట్లు, ప్యాచ్‌ల మీద ప్యాచ్‌లు నడిచాయి. పోర్టు పనిలో చెయ్యి తిరిగిన నిక్సెస్ అనే డచ్ సంస్థను సోనీ 2021లోనే కొనేసింది. ఆ సంస్థ చేసిన 'స్పైడర్‌మ్యాన్' పోర్టుకు మంచి పేరొచ్చింది.

పరాయి దుకాణంలో: స్టీమ్ కమీషన్ 30 శాతం. అమ్మకాలు కోటి డాలర్లు దాటితే ఆపైన 25, ఐదు కోట్లు దాటితే 20 శాతం. సొంత దుకాణంలో ఎవరికీ ఇవ్వక్కర్లేని సొమ్మిది. డబ్బు కంటే పెద్ద లోటు, కొన్నవాడి ఖాతా కూడా స్టీమ్ చేతిలోనే ఉండటం. ఆ లోటు తీర్చుకోబోయి సోనీ చెయ్యి కాల్చుకుంది. పీసీలో 'హెల్‌డైవర్స్ 2' ఆడేవాళ్లు పీఎస్ఎన్ (ప్లేస్టేషన్ నెట్‌వర్క్) ఖాతా కలపక తప్పదని 2024 మే 3న ప్రకటించింది. పీఎస్ఎన్ సేవలే లేని దేశాల్లోనూ గేమ్ అప్పటికే అమ్ముడైంది. స్టీమ్‌లో వ్యతిరేక రివ్యూలు వెల్లువెత్తాయి. మూడు రోజుల్లో నిర్ణయం వెనక్కి పోయింది. 2025 జనవరిలో మరికొన్ని గేమ్‌లకూ ఖాతా షరతు తీసేశారు.

తాత్పర్యం: పీసీకి ఇవ్వాలా వద్దా అన్నది సగం ప్రశ్నే. ఏ గేమ్‌ను ఎప్పుడివ్వాలన్నదే మిగతా సగం, బరువైన సగం. ఒక్కడు కూర్చుని ఆడుకునే కథల గేమ్‌కు ఏడాది రెండేళ్ల గడువు న్యాయమే. పదిమంది ఆడేదానికి గడువు పెడితే చేజేతులా చంపుకోవడమే. పోర్టు చెడితే మాత్రం రెండు లెక్కలూ తలకిందులు. పీసీ మీద ఆడేవాళ్లకు ఒక మాట: విడుదల రోజే డబ్బు కట్టకండి, మొదటి ప్యాచ్‌లు వచ్చేదాకా ఆగండి. రెండేళ్లు ఆగినవాళ్లకు ఇంకో రెండు వారాలు ఒక లెక్క కాదు.