తీగకంచె, మగ్గం: సోలాపూర్‌లో నేరముద్ర పడిన జాతుల చరిత్ర

సోలాపూర్ నగరంలో నేటికీ 'సెటిల్‌మెంట్ ఫ్రీ కాలనీ' అనే పేరుతో వాడలున్నాయి. సెటిల్‌మెంట్ అంటే, పుట్టుకతోనే నేరస్థులని ప్రభుత్వం ప్రకటించిన జాతులను పిల్లాపాపలతో సహా ముళ్లతీగ కంచె లోపల ఉంచిన స్థలం. ఫ్రీ కాలనీ అంటే, నడవడి బాగుపడిందని అధికారులు తలచిన కుటుంబాలను కంచె దాటించి, నిఘా మాత్రం పూర్తిగా ఎత్తివేయకుండా కాపురం పెట్టించిన వాడ. ఆ ప్రకటనకు ఆధారమైన చట్టం రద్దయి ఏడు దశాబ్దాలు గడిచినా ఆ పేరు చిరునామాలలో నిలిచే ఉంది. కొందరి శరీరాలను, కొందరి కదలికలను ప్రమాదంగా ఎంచి పోలీసులకు అప్పగించిన పాలనాపద్ధతి ఎలా పుట్టిందో, దానికి బదులుగా సమాజం ఏమి నిర్మించుకోగలిగిందో తెలుసుకోవడానికి ఆ వాడల చరిత్ర ఒక దారి చూపుతుంది.

పంతొమ్మిదవ శతాబ్దపు చివరి భాగంలో దక్కను దారుల వెంట సోలాపూర్‌కు రెండు రకాల జనం చేరారు. నిజాం రాజ్యంలోని కరీంనగర్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన పద్మశాలీలు మొదటివారు. 1860ల నాటికే రైలుమార్గం పడిన ఆ ఊరిలో 1874లో మొదటి నూలు మిల్లు వెలిసిన తరవాత, 1876-78 కరవు పల్లెలను ఎండగట్టిన తరవాత, వారి రాక ఇంకా పెరిగింది. కైకాడీలు, పార్ధీలు, వడార్లు, భామ్టాలు, మాంగ్ గారుడీలు రెండవ కోవకు చెందుతారు. వీరిలో వడార్లు మహారాష్ట్రలో స్థిరపడిన తెలుగు వడ్డెరలే. బుట్టలల్లి గాడిదల మీద సరుకు మోసి బతికిన కైకాడీలు, తెలుగునాట ఎరుకలవారు ఒకే కొరవ మూలానికి చెందినవారు. కరవు, రైలు, అటవీ చట్టాలు, ఉప్పు మీద ప్రభుత్వ పెత్తనం ఈ రెండవ కోవ వారి బతుకుతెరువును చాలావరకు హరించాయి. పొట్టకూటికై ఊరు విడవడం ఇద్దరికీ సమానమే అయినా, నేతగాడికి ముందుగా వచ్చిన కులబంధువు ఇంటి అరుగు, కూలి ఇచ్చే కార్ఖానా, పూచీ పడే పెద్దమనిషి దొరికారు; సంచారి కుటుంబానికి ఎదురైనది పోలీసు ఠాణా. వలస, సంచారం అన్న రెండు మాటలకు నడుమ ఉన్న దూరం నడిచేవారి గుణంలో ఏర్పడినది కాదని, వారిని ఎవరు ఎదుర్కొన్నారన్న దానిలో ఏర్పడినదని సోలాపూర్ చరిత్ర తెలియజేస్తుంది.

ఆ ఎదురుకోలుకు శాసనరూపం 1871 నాటి నేరస్థ జాతుల చట్టం. ఒక జాతి మొత్తాన్ని నేరస్థ జాతిగా ప్రకటించడానికి, ఆ ప్రకటనను న్యాయస్థానంలో ప్రశ్నించే వీలు లేకుండా చేయడానికి, సభ్యుల పేర్లు నమోదు చేసి నిర్ణీత వేళల్లో హాజరీ తీసుకోవడానికి, అనుమతి చీటీ లేనిదే ఊరు దాటనివ్వకపోవడానికి అది అధికారమిచ్చింది. మొదట ఉత్తర భారతంలో అమలైన ఈ విధానం 1911 చట్టంతో బొంబాయి, మద్రాసు రాష్ట్రాలకు కూడా విస్తరించింది. వేలిముద్రలు, సెటిల్‌మెంట్లు, తల్లిదండ్రుల నుంచి పిల్లలను వేరుచేసి పెంచే ఏర్పాటు ఆ చట్టంతో బలపడ్డాయి, 1924 చట్టం వాటిని ఒక్కచోట క్రోడీకరించింది. దోషం చేతలో కాక నెత్తురులో ఉందని నమ్మిన ఆనాటి శాస్త్రధోరణి దీనికి పునాది. నేరాన్ని వంశపారంపర్యమైన వ్యాధిగా, నేరస్థుడిని అంగవైకల్యంతో పుట్టినవాడిలాంటి వాడిగా ఊహించిన ఆ ధోరణిలో చికిత్స, శిక్ష అన్న రెండు మాటల మధ్య హద్దు చెరిగిపోయింది.

బొంబాయి రాష్ట్రంలో సెటిల్‌మెంట్ల వ్యవస్థకు రూపమిచ్చినవాడు ఓ.హెచ్.బి. స్టార్టే అనే ఐ.సి.ఎస్. అధికారి. బిజాపూర్‌లో మొదలైన ఈ ప్రయోగానికి మిల్లుల ఊరైన సోలాపూర్ అనువైన స్థలంగా కనిపించింది. అక్కడి సెటిల్‌మెంట్ కొంతకాలం అమెరికన్ మరాఠీ మిషన్ నిర్వహణలో నడిచింది. లోపలివారు పగలు మిల్లులో పనిచేసి, సాయంత్రం తిరిగి వచ్చి హాజరీ చెప్పి, రాత్రి కంచె లోపలే పడుకోవాలి. బడి, వైద్యం, కూలి ఉన్నమాట నిజమే, స్టార్టే సంస్కరణను మనసారా నమ్మినవాడన్నదీ నిజమే. దళితుల, ఆదిమజాతుల స్థితిని పరిశీలించి 1930లో నివేదిక ఇచ్చిన కమిటీకి ఆయన అధ్యక్షుడు కాగా, డాక్టర్ అంబేడ్కర్ అందులో సభ్యులు. అయినా ఆ సంస్కరణకు కావలి కాసినది ముళ్లతీగ. కాదని వెళ్లిపోయే హక్కు లేని శ్రామికుడు మిల్లు యజమానికి ఎంత అనుకూలుడో విడమరచి చెప్పనక్కరలేదు.

సోలాపూర్ కార్మికులకు పోలీసు తుపాకీ కొత్తది కాదు. 1930 మే నెలలో గాంధీజీ అరెస్టు తరవాత జరిగిన కాల్పులు, వాటి వెంట వచ్చిన సైనిక శాసనం, 1931 జనవరి 12న యరవడ జైలులో మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిషన్ సార్డా, జగన్నాథ్ శిందే, అబ్దుల్ రసూల్ ఖుర్బాన్ హుస్సేన్‌ల ఉరి ఆ నగర చరిత్రలో చెరగని ఘట్టాలు. ఆ హింసకు తేదీ ఉంది, అమరుల పేర్లున్నాయి. కంచె లోపలి హింస మాత్రం ప్రతి సాయంత్రం హాజరీ రూపంలో జరిగింది కనుక దానికి తేదీ లేదు. తేదీ లేని హింసను సమాజం క్రమపాలనగా పొరబడుతుంది.

ఆంధ్రదేశంలో ఇదే కథ స్టువర్టుపురం, కావలి, సిద్ధాపురం పేర్లతో నడిచింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ బాపట్ల దగ్గర నెలకొల్పిన స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను ఉంచి, కొందరి చేత చీరాల పొగాకు కంపెనీలో పనిచేయించారు. నెల్లూరు ప్రాంతంలో యానాదుల మధ్య జీవితాంతం పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య ఈ చట్టం రద్దు కోసం పోరాడిన వారిలో ముఖ్యులు. 1936లో నెల్లూరుకు వచ్చిన జవాహర్‌లాల్ నెహ్రూ కూడా దీనిని పౌరస్వేచ్ఛకు విరుద్ధమని ఖండించారు. మద్రాసు 1947లో, బొంబాయి 1949లో చట్టాన్ని ఎత్తివేశాయి. మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం సిఫారసు మేరకు 1952 ఆగస్టు 31న దేశమంతటా అది రద్దయింది. ఆనాటి నుంచి ఆ జనానికి 'విముక్త జాతులు' అన్న పేరు స్థిరపడింది; మహారాష్ట్ర జాబితాలో అటువంటివి పద్నాలుగు.

చట్టం పోయినా అనుమానం ఠాణాలలో మిగిలిపోయింది. జాతికి బదులు వ్యక్తిని లెక్కలోకి తీసుకుంటామంటూ రాష్ట్రాలు చేసిన 'అలవాటు నేరస్థుల' చట్టాలు, అంటే పలుమార్లు శిక్షపడిన వారిని నమోదు చేసి గమనించే చట్టాలు, ఆచరణలో పాత జాబితాలనే మళ్లీ తెరిపించాయి. 1998లో బెంగాల్‌లోని పురూలియాలో బుధన్ శబర్, సోలాపూర్‌కు పొరుగునే ఉన్న పుణె జిల్లా బారామతిలో పిన్యా హరి కాళే అనే పార్ధీ పోలీసు నిర్బంధంలో మరణించారు. ఆ ఏడాదే రచయిత్రి మహాశ్వేతాదేవి, భాషావేత్త గణేశ్ దేవి, 'ఉచల్యా' ఆత్మకథ రాసిన లక్ష్మణ్ గాయక్వాడ్ కలిసి విముక్త, సంచార జాతుల హక్కుల కోసం ఒక వేదికను స్థాపించారు.

ఈ చరిత్రకు అంతగా గమనానికి రాని కొమ్మ ఒకటి ఉంది. 1912 నాటి ఉన్మాదుల చట్టం, మతి చలించి 'తిరుగుతున్న' మనిషిని పట్టుకునే అధికారాన్ని పోలీసులకు ఇచ్చింది. ఒకే దశాబ్దంలో బలపడిన నేరస్థ జాతుల చట్టం, ఉన్మాదుల చట్టం రెండూ భయపడినది ఒక్కదానికే: ఇల్లూ యజమానీ లేకుండా తిరిగే మనిషికి. ఇంటి పేరు చెప్పలేని మూగవాడు, పిలుపు వినిపించని చెవిటివాడు, మూర్ఛ వచ్చి దారిలో పడిన స్త్రీ ముద్రపడిన జాతిలో పుట్టి ఉంటే, పోలీసు కళ్లకు వారి వైకల్యం కనిపించేలోపే జాతి కనిపిస్తుంది. పలకకపోవడం మొండితనమని, తడబాటు తాగుడని, భయంతో పరుగెత్తడం నేరాంగీకారమని అర్థం మారిపోతుంది.

అమెరికాలో నల్లజాతికి చెందిన వికలాంగుల అనుభవం ఈ వైఖరికి మరో ఖండంలో సాక్ష్యం పలుకుతుంది. 1984 అక్టోబరులో న్యూయార్క్ నగరంలో, అద్దె బాకీకై ఇల్లు ఖాళీ చేయించడానికి వెళ్లిన పోలీసులు మానసిక వ్యాధితో ఉన్న 66 ఏళ్ల ఎలినార్ బంపర్స్‌ను కాల్చి చంపారు. వైద్యుడో పొరుగింటివారో వెళ్లవలసిన చోటికి తుపాకీ వెళ్లడం వల్ల జరిగిన మరణమది. దీనికి విరుగుడుగా ఆరెగాన్ రాష్ట్రంలోని యూజీన్‌లో 1989 నుంచి 'కహూట్స్' అనే ఏర్పాటు నడిచింది. ఆపద కబురు అందగానే ఆయుధం లేని ఒక వైద్య సహాయకుడు, ఒక సంక్షోభ కార్యకర్త కలిసి వెళ్లి, మాటతో, మంచినీటితో, ఆశ్రయంతో పరిస్థితిని చక్కబరచడం దాని పద్ధతి. నిధుల కొరతతో 2025లో ఆ నగరంలో ఆ సేవ ఆగిపోయిందన్న సంగతి, ఇటువంటి ఏర్పాట్లకు సద్భావం ఒక్కటే చాలదని కూడా తెలుపుతుంది.

పోలీసుకు ముందు నిలబడే మనుషుల వలయాన్ని కట్టుకోవడం తెలుగువారికి తెలియని విద్య కాదు. సోలాపూర్ పద్మశాలీలు కులసంఘాన్ని, బడులను, మార్కండేయుని గుడిని కట్టుకున్నారు. కష్టం వచ్చిన ఇంటికి ఠాణా కంటే ముందు సంఘం పెద్దలు వెళ్లే అలవాటు ఆ సంస్థల నీడలో పెరిగింది. కులం గీసిన గీత దాటలేకపోవడం ఆ వలయానికి ఉన్న పరిమితి. పక్కవాడలోని కైకాడీకి ఆ పూచీ అందలేదు. ఆ గీత దాటిన ప్రయత్నం స్టువర్టుపురంలో జరిగింది. 1970వ దశకంలో నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణం, కవి జాషువా కుమార్తె హేమలత లవణం 'సంస్కార్' సంస్థ ద్వారా ఆ ఊళ్లో మనిషికీ మనిషికీ నడుమ నమ్మకం పెంచి, పోలీసులతో మాట్లాడి, బతుకుతెరువు చూపించే పనికి పూనుకున్నారు. సోలాపూర్‌లోనే జీవితమంతా విముక్త, సంచార జాతుల మధ్య పనిచేసిన బాలకృష్ణ రేణ్కే అధ్యక్షుడిగా ఉన్న జాతీయ కమిషన్ 2008లో తన నివేదిక సమర్పించింది. మానసిక ఆరోగ్యం విషయంలో, భార్గవి దావర్ 1999లో పుణెలో స్థాపించిన బాపు ట్రస్ట్ పేద బస్తీలలో ఇరుగుపొరుగు ఆసరాతోనే సంక్షోభంలో ఉన్న మనిషిని నిలబెట్టవచ్చని చేసి చూపింది.

చట్టం కూడా కొంత దారి మార్చుకుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, దారి తప్పి తిరుగుతున్న మానసిక రోగిని పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటలు దాటకుండా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి, లాకప్‌లో ఉంచకూడదు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులవివక్ష పాటించే నియమాలను కొట్టివేస్తూ, విముక్త జాతులవారిని ఇష్టానుసారం అరెస్టు చేయరాదని పోలీసులకు గుర్తుచేసింది. అయితే పోలీసుల కంటే ముందు ఆ రోగి దగ్గరకు వెళ్లే మనిషి ఎవరు, అరెస్టును ఆపమని ఠాణాకు వెళ్లి పూచీపడే మనిషి ఎవరు అన్న ప్రశ్నకు ఏ చట్టమూ జవాబివ్వలేదు. నూటయాభై ఏళ్ల కిందట మూట నెత్తిన పెట్టుకుని సోలాపూర్ చేరిన నేతగాడికి తలుపు తీసిన మనిషి ఆ జవాబు. అదే దారిన వచ్చిన కైకాడీకి, పార్ధీకి, వడార్‌కు, వారిలో మాట రానివారికీ మతి చెదిరినవారికీ మగ్గాల వాడ అదే విధంగా తలుపు తీసిననాడు, 'ఫ్రీ కాలనీ' అన్న పేరుకు దాని అసలు అర్థం దక్కుతుంది.