పచ్చిక మీద పుల్లరి

అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ 1918లో వైట్‌హౌస్ పచ్చికలోకి గొర్రెలను తోలించాడు. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. మంద మేస్తే గడ్డి కత్తిరించినట్టే ఉంటుంది, మనుషుల శ్రమా మిగులుతుంది. ఆ మంద పెరిగి 48కి చేరింది. ఉన్ని వేలం వేస్తే రెడ్‌క్రాస్‌కు యాభై వేల డాలర్లకు పైగా వచ్చింది.

అదే రోజుల్లో ఇక్కడ పల్నాట్లో పన్ను కట్టకుండా గొడ్డు గడ్డి మేయడమే నేరం.

దానికి మూలం 1882 నాటి మద్రాసు అటవీ చట్టం. తరతరాలుగా ఊరి పశువులు తిరిగిన కొండలూ బీళ్లూ రిజర్వు అడవులయ్యాయి. మేపుకోవాలంటే పుల్లరి అనే మేత పన్ను కట్టాలి. కట్టకపోతే గొడ్లను బందెలదొడ్డికి తోలతారు, జరిమానా కడితేగాని విడవరు. వాన తక్కువ, రాయి ఎక్కువ ఉన్న సీమ ఇది. పంట పోయిన ఏడు కుటుంబాన్ని నిలిపేవి పాడీ జీవాలే. వాటి నోటి ముందు గడ్డికి పన్నంటే ఆ ఇంటి గంజి మీద పన్నే.

1921లో గాంధీజీ సహాయ నిరాకరణ ఉద్యమం సాగుతుండగా మాచర్ల, గురజాల ప్రాంతాల పల్లెలు పుల్లరి కట్టడం మానేశాయి. అధికారులకు తిండి సరుకులు అమ్మలేదు, పనిపాటలు చేసిపెట్టలేదు. ఉద్యమంలో నిలిచిన ఉన్నవ లక్ష్మీనారాయణను ప్రభుత్వం జైల్లో పెట్టింది. ‘మాలపల్లి’ నవల ఆయన ఆ జైల్లోనే రాశారు. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు రైతులను కూడగట్టి పుల్లరి కట్టేది లేదన్నాడు. 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు నేలకొరిగాడు. చౌరీచౌరా ఘటన తర్వాత గాంధీజీ ఉద్యమాన్ని ఆపేసిందీ ఆ నెలలోనే. నూరేళ్ల తర్వాత, 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది.

ఈ చరిత్రను త్యాగం దగ్గరే ఆపేస్తే సగమే చెప్పినట్టు. ఆ అటవీ చట్టం మేతను నష్టంగానే చూసింది. అదుపు తప్పిన మేత నేలను బోడి చేస్తుంది, నిజమే. కానీ గడ్డి పెరిగే మొన నేలకు అంటుకుని ఉంటుంది. పైన కొరికితే మొక్క చావదు, పక్కలకు పిలకలు వేస్తుంది. గరిక అందుకే అంత దట్టంగా అల్లుకుంటుంది. వెచ్చని దేశాల ఆటమైదానాల్లో, లాన్లలో చాలాచోట్ల ఉన్నది మన గట్ల మీది ఈ గరికే. మంద ఒకచోట పాతుకుపోకుండా సాగిపోవాలి, అంతే. ఆ లెక్క కాపరికి తెలుసు. పెంటికలూ మూత్రమూ నేలకు తిరిగి ఎరువవుతాయి. అందుకే రైతు కాపరికి డబ్బో గింజలో ఇచ్చి మరీ చేలో రాత్రిపూట మంద కట్టించుకుంటాడు.

1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రం కనిపెట్టేదాకా పెద్ద పెద్ద పచ్చికలను సాకింది గొర్రెలూ కొడవళ్లే. తర్వాతి కాలంలో ఆ యంత్రం పెట్రోలు తాగడం మొదలుపెట్టింది. 2009లో గూగుల్ సంస్థ కాలిఫోర్నియాలోని తన ఆవరణలో గడ్డి తీయడానికి సుమారు 200 మేకలను అద్దెకు తెచ్చుకుంది. అక్కడ అది వార్త. మనకు మాచర్ల పేరుతోనే, తెల్లని ఒంటి మీద నల్ల, గోధుమ మచ్చలతో, జాతీయ స్థాయిలో గుర్తింపు పొందిన గొర్రె జాతి ఉంది.

నరసరావుపేట కళాశాలల మైదానాల్లో, మునిసిపల్ పార్కుల్లో వానాకాలం మోకాలెత్తు గడ్డి లేస్తుంది. దాని మీద గడ్డిమందు కొట్టడం చూస్తే నాకు కడుపు మండుతుంది. మందు కొట్టిన గడ్డి మేతకు పనికిరాదు, వాన పడితే ఆ మందు కాలువ చేరుతుంది. నాటిన మొక్కలకు ముళ్లకంప కట్టి, కాపరికి కూలి ఇచ్చి రెండు మూడు రోజులు మందను తోలిస్తే సరిపోతుంది. మంద వదిలేసిన కలుపును కొడవలితో కోయవచ్చు. కోతలో మూడో వంతుకు మించి ఎత్తు తగ్గించకుండా, కోసిన తుంపులను అక్కడే వదిలేస్తే నేలకు నత్రజని తిరిగి అందుతుంది. ఏ మునిసిపాలిటీ అయినా ముందు ఒక్క పార్కులో ఈ వానాకాలమే మొదలుపెట్టవచ్చు. కాపరి దగ్గర పైసా వసూలు చేయకూడదు, కూలి ఆయనకే ఇవ్వాలి.