పాత గచ్చుకు కొత్త గచ్చు

1898 నాటి ప్లేగు తర్వాత బెంగళూరులో బసవనగుడి, మల్లేశ్వరం పెరిగాయి. ఆ కాలపు కట్టడాల్లో సున్నం, ఇటుకపొడి కలిపిన గారదే రాజ్యం. కన్నడంలో దాన్ని గారె అంటారు. మనకేమో గారె వంటింటి మాట! ఆ గార నెమ్మదిగా గట్టిపడేది, కాస్త కదలికను ఓర్చుకునేది. సన్నని పగుళ్ళను తడి తగిలినప్పుడు సున్నమే పూడ్చేది. అందుకే వసారా పెంచినా అతుకు అంతగా తెలిసేది కాదు.

1914లో పోర్‌బందర్‌లో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నాక, క్రమంగా గచ్చులు సిమెంటువయ్యాయి. సిమెంటు గట్టిదే కాని ఓర్పు లేనిది, ఆరేకొద్దీ కుంచించుకుంటుంది. ఒక కారుకు కట్టిన షెడ్డును రెండో కారుకు పెంచేటప్పుడు చిక్కు ఇక్కడే వస్తుంది. పాత గచ్చు కింది నేల ఏళ్ళ తరబడి అణగి ఉంటుంది. కొత్తగా పోసిన మట్టి ఇంకా అణగాలి. బెంగళూరు, కోలారు ఎర్రనేలల్లో కొంత నయం. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది.

పాత అంచుకు సిమెంటు పాలు పూస్తే రెండూ ఒకటైపోతాయని కొందరు మేస్త్రులు అంటారు. నేను ఒప్పుకోను. మట్టిని పొరలుగా తడిపి దిమ్మిస కొట్టాలి. పాత కాంక్రీటు మందంగా ఉంటే, దాని అంచులో బెజ్జాలు వేసి నున్నటి ఇనుప చువ్వలు దిగ్గొట్టి, కొత్తవైపు సగానికి గ్రీజు పూయాలి. అప్పుడు కొత్త గచ్చు పక్కకు జరగగలదు, కిందికి మాత్రం దిగబడదు. మధ్యలో తారు అట్ట నిలిపి కాంక్రీటు పోసి, కనీసం ఏడు రోజులు తడపాలి. ఆ సందును పైన తారుతో మూయకపోతే వాననీరు దిగి, కింది మట్టిని మళ్ళీ మెత్తబరుస్తుంది.