యంత్రాన్ని అడిగే విద్య: ప్రశ్నకు కొంత చరిత్ర



సంధి అంటే ఏమిటో నిర్వచించి, రెండు ఉదాహరణలు వ్రాసుకొని రమ్మని ఎనిమిదవ తరగతి పిల్లలకు ఇంటిపని ఇచ్చాను. మాది కృష్ణగిరి జిల్లా. ఒక అమ్మాయి తండ్రిగారి ఫోనులో కృత్రిమ మేధను అడిగి, నిండు పుట వ్రాసుకొని వచ్చింది. మొదటి ఉదాహరణ 1792 నాటి శ్రీరంగపట్నం సంధి! టిప్పు సుల్తాను తన రాజ్యంలో సగం వదులుకొన్నాడనీ, బారామహల్ కుంఫిణీ వారి వశమైందనీ చక్కగా ఉన్నది. రెండవది 1919 నాటి వెర్సెయిల్స్ సంధి. నవ్వు వచ్చింది గాని, తప్పు ఎవరిదో తేల్చడం అంత తేలిక కాలేదు. చెప్పినదంతా నిజమే. బారామహల్ అంటే మా నేలే గనుక అది తెలియడమూ మంచిదే. అమ్మాయి అడిగినవి మూడే మాటలు: "సంధి, నిర్వచనం, ఉదాహరణలు". వ్యాకరణమని ఎక్కడా అనలేదు.

ఇలా యంత్రానికి మనం అందించే మాటను ప్రాంప్టు అంటున్నారు. పద్యనాటకాలు చూసినవారికి ఇది కొత్త మాట కాదు. తెరచాటున పుస్తకం పట్టుకొని నటుడికి మాట అందించేవాడే ప్రాంప్టరు. అతడు పుట తప్పాడంటే రంగం మీద శ్రీకృష్ణుడు దుర్యోధనుడి పద్యం ఎత్తుకొన్నా ఆశ్చర్యం లేదు.

యంత్రాన్ని ఎలా అడగాలన్న చిక్కు యంత్రం పూర్తిగా రూపొందక ముందే మొదలైంది. గణన యంత్రాలకు ఆద్యుడైన ఛార్లెస్ బాబేజ్ 1864లో తన జీవిత విశేషాలను ప్రచురించాడు. యంత్రంలో తప్పు అంకెలు వేస్తే ఒప్పు జవాబు వస్తుందా అని పార్లమెంటు సభ్యులు తనను రెండు సందర్భాలలో అడిగారనీ, అటువంటి ప్రశ్న పుట్టడానికి బుద్ధి ఎంత తికమకపడాలో తనకు అంతుపట్టలేదనీ అందులో వ్రాసుకొన్నాడు. నూట అరవై ఏళ్ళుగా లోకం ఆ సభ్యులను చూసి నవ్వుతున్నది. నాకు మాత్రం ఇప్పుడు వారిమీద కొంత జాలి కలుగుతున్నది. నేటి యంత్రానికి అక్షరదోషాలతో అడిగినా, సగం వాక్యంతో అడిగినా, అది మన ఉద్దేశాన్ని ఊహించి జవాబు ఇస్తుంది. ఆ ఊహే మనకు సౌకర్యం. మా అమ్మాయిని శ్రీరంగపట్నం తీసుకుపోయినదీ ఆ ఊహే.

1950లో అలన్ ట్యూరింగ్ 'మైండ్' పత్రికలో వ్రాసిన వ్యాసం ఉపాధ్యాయులు తప్పక తెలుసుకోదగినది. యంత్రం ఆలోచించగలదా అన్న చర్చను ఆయన ఒక పరీక్షగా మార్చాడు. మచ్చుకు కొన్ని ప్రశ్నలు వేసి, జవాబులూ తానే కల్పించాడు. అందులో ఒకటి కూడిక: 34957కు 70764 కలపాలి. అవతలివైపునుండి ముప్పై క్షణాలు ఆగి 105621 అని జవాబు వస్తుంది. పిల్లల చేత ఈ లెక్క చేయించి చూడండి. సరైన మొత్తం 105721. మనిషిలా కనబడాలంటే యంత్రం కావాలనే పొరబడవలసి రావచ్చునని ఆ వ్యాసంలోనే మరొకచోట చర్చ ఉన్నది గనుక, ఈ నూరు తేడా ముద్రారాక్షసం కాకపోవచ్చు. తడుముకోకుండా తప్పు చెప్పే యంత్రం ఆ విధంగా మొదటి ప్రశ్నపత్రంలోనే మనకు ఎదురైంది.

1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అమెరికాలోని ఎంఐటీలో తాను తయారుచేసిన 'ఎలైజా' అనే ప్రోగ్రాము వివరాలు ప్రకటించాడు. మనం చెప్పిన వాక్యాన్నే తిరగవేసి మనకు ప్రశ్నగా అప్పగించడం దాని పని. అర్థం చేసుకోవడమంటూ ఏమీ లేదు. అయినా, దాని తయారీని నెలల తరబడి కళ్ళారా చూసిన ఆయన కార్యదర్శినియే, దానితో మాట్లాడుతూ ఆయనను గదిలోనుండి కొంచెం బయటికి వెళ్ళమన్నదట. చదువుకొన్న పెద్దవారే అంతగా నమ్మినప్పుడు, పదమూడేళ్ళ పిల్లను మనం తప్పుపట్టగలమా?

నేటి పద్ధతికి 2020 నాటి జీపీటీ-3 మలుపు. పదిహేడువేల ఐదువందల కోట్ల పరామితులు గల ఆ నమూనాకు ప్రశ్నతోపాటు రెండు మూడు మాదిరి జవాబులు చూపిస్తే ఆ వరసను అందుకొని పనిచేస్తుందని అప్పుడు తేలింది. పలక మీద గురువు వ్రాసిన మొదటి వరుసను చూసి దిద్దడం మనకు తెలియని సంగతా? అయితే దాని శిక్షణకు వాడిన మాటలలో నూటికి 93 ఆంగ్లానివే. ప్రపంచంలోని తక్కిన భాషలన్నీ కలిసి ఆ మిగిలిన ఏడింటిలో సర్దుకొన్నాయి. 2022లో తకేషి కోజిమా బృందం మరొక వింత చూపించింది. అంచెలంచెలుగా ఆలోచించమని ఒక్క వాక్యం చేర్చినంతనే, ఒక అంకగణిత ప్రశ్నల సంపుటిలో యంత్రపు ఒప్పులు నూటికి 17.7 నుండి 78.7కు పెరిగాయి. అదే సంవత్సరం నవంబరు 30న చాట్‌జీపీటీ ప్రజలందరి చేతికి వచ్చింది. ఇక 'ఈ మంత్రం జపించండి, ఆ మంత్రం జపించండి' అంటూ పుస్తకాలు వెల్లువెత్తాయి. 2024 నుండి వచ్చిన కొన్ని నమూనాలు ఆ అంచెలను తమంతట తామే వేసుకొంటున్నాయి గనుక అటువంటి మంత్రాల విలువ తగ్గింది. పిల్ల ఏ తరగతో, ఏ రాష్ట్రమో, ఏ పాఠమో మనం చెప్పనిదే తెలుసుకోగల యంత్రం మాత్రం లేదు.

కట్టుబాట్లతో అడగడం తెలుగువారికి పాత విద్య. తిరుపతి వేంకట కవులు ఊరూరా వ్యాప్తిలోకి తెచ్చిన అవధానాన్ని తలచుకోండి. మనం అవధానిని పొగుడుతాము గాని పృచ్ఛకుడిని అంతగా పట్టించుకోము. దత్తపది అడిగేవాడు నాలుగు మాటలు ఇస్తాడు, ఫలానా వస్తువు మీద, ఫలానా వృత్తంలో చెప్పమంటాడు. నిషిద్ధాక్షరి అడిగేవాడు అక్షరం అక్షరానికీ 'ఇది వద్దు' అంటాడు. వస్తువు, రూపం, హద్దు, నిషేధం అన్నీ ఆ అడగడంలోనే ఉన్నాయి. సమస్య ఇచ్చేవాడు దానిని తానైతే ఎలా పూరిస్తాడో కొంత ఊహించుకొని రావడం సభామర్యాద. పూరణ బాగున్నదో లేదో తెలియని పృచ్ఛకుడు సభలో ఎందుకు? మన పిల్లలకు నేర్పవలసినది ఈ పృచ్ఛకత్వమేనని నా అభిప్రాయం.

మన సరిహద్దు ప్రాంతాల వారికి మరొక ప్రశ్న ముఖ్యం: ఏ తెలుగులో? ఈ ప్రశ్నకూ చరిత్ర ఉన్నది. 1907 ప్రాంతంలో విశాఖ వైపు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత ఎడమెందుకని అడిగాడు. ఆ ప్రశ్న కళాశాలాధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి గార్లను చేరింది. గిడుగు వారు అప్పట్లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. ఆ ఊరు 1936 నుండి ఒడిశాలో ఉన్నది. ఒక అధికారి సూటిగా అడిగిన మాట వ్యావహారిక భాషోద్యమానికి కదలిక తెచ్చింది. నేడు మా ప్రాంతపు పిల్ల 'వస్తా ఉండాను' అని వ్రాసి దిద్దమంటే, యంత్రం దానిని తప్పుగా కొట్టివేస్తుంది. 'ఇది మా ఇంటి పలుకు, దీనిని ఉంచి తక్కినది దిద్దు' అని అడగడం పిల్లకు తెలియకపోతే, ఆ మాట తప్పేనని ఆమే నమ్ముతుంది. 2006 నాటి చట్టం తరువాత తమిళం ముఖ్య పాఠ్యభాషగా చదువుతూ తెలుగును పట్టుకొని ఉన్న పిల్లలు వీరు. ఇంటి మాటనూ వదులుకొంటే తెలుగుతో వారికి మిగిలే చుట్టరికం పరీక్ష వరకే.

సంధి కథ ముగించాలి. మరునాడు మేమిద్దరమూ కూర్చొని ప్రశ్నను తిరిగి వ్రాశాము. పేరు, బడి పేరు వ్రాయవద్దన్నాను. యంత్రానికి వాటితో పనిలేదు.

"నేను తమిళనాడులో ఎనిమిదవ తరగతి తెలుగు చదువుతున్నాను. తెలుగు వ్యాకరణంలో ఇకార సంధి అభ్యాసం చేయాలి. జవాబు నువ్వు చెప్పవద్దు. ఒక్కొక్క పదమే ఇచ్చి విడదీయమని నన్ను అడుగు. నేను తప్పితే ఎక్కడ తప్పానో చూపించి, మరో పదం ఇవ్వు. మాటలు తేలికగా ఉండాలి."

ఈసారి యంత్రం దారికి వచ్చింది. మొదటి పదం 'ఏమంటివి'. అమ్మాయి 'ఏమి + అంటివి' అని వ్రాసింది. తరువాత వచ్చిన పదం 'సీతమ్మ'. వ్రాయబోయి ఆగింది.

"అయ్యా, ఇది సీత, అమ్మ కదా? అకార సంధి కాదా?"

"ఆ మాట దానికే చెప్పమ్మా" అన్నాను.

చెప్పింది. యంత్రం పొరబాటు ఒప్పుకొని క్షమించమన్నది. అమ్మాయి ముఖం వెలిగిపోయింది. ఒక్క నిమిషం ఆగి, 'ఏమంటివి కూడా అకార సంధే కదా' అని వ్రాసి చూడమన్నాను. దానికీ క్షమించమన్నది, అవును అకార సంధే అన్నది.

అమ్మాయి కొంతసేపు తెరవైపు చూసి, సంచిలోనుండి వ్యాకరణ పుస్తకం తీసింది.