ఎలక్ట్రిక్ మోడల్ విమానం: మోటారు, ప్రొపెల్లర్ జోడీ

ఎలక్ట్రిక్ మోడల్ విమానంలో మోటారు, ప్రొపెల్లర్ (ప్రాప్), బ్యాటరీ, కరెంటును అదుపు చేసే ఈఎస్‌సీ అనే నాలుగూ ఒకదానికొకటి కుదరాలి. కొత్తగా చేరినవాళ్లు సాధారణంగా మోటారుతో మొదలుపెట్టి, దానికి ఏ ప్రాప్ పడుతుందా అని వెతుకుతారు. అనుభవం ఉన్నవాళ్లు విమానం బరువు, వేగం చూసి ముందు ప్రాప్ తేల్చుకుంటారు. దాన్ని తిప్పగల మోటారు ఏదన్నది తర్వాతి మాట. ఈ వరస స్థిరపడటానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

ముందు ప్రాప్ తేల్చుకోవడానికి కారణం మోటారు స్వభావంలోనే ఉంది. ఇంధనంతో నడిచే గ్లో ఇంజనుకు పెద్ద ప్రాప్ తగిలిస్తే మూలుగుతుంది, ఆర్‌పీఎం పడిపోతుంది, మహా అయితే ఆగిపోతుంది. ఎలక్ట్రిక్ మోటారు లోడు ఎంత పెరిగితే అంత ఎక్కువ కరెంటు లాగుతుంది, ఎక్కడా వద్దనదు. బోరు మోటారు మీద లోడు ఎక్కువైనప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది: వైండింగ్ కాలుతుంది. అంతకంటే ముందే ఈఎస్‌సీ పోవచ్చు, బ్యాటరీ ఉబ్బవచ్చు.

తొలి ప్రయత్నాలు

మోటారుతో ప్రొపెల్లర్ తిప్పి గాల్లో తిరగడం మోడళ్లతో మొదలు కాలేదు. 1884 ఆగస్టు 9న ఫ్రాన్సులో షార్ల్ రెనార్, ఆర్థర్ క్రెబ్స్ నడిపిన ‘లా ఫ్రాన్స్’ అనే గాలి ఓడ దాదాపు 8 కిలోమీటర్లు తిరిగి, 23 నిమిషాల్లో బయల్దేరిన చోటికే వచ్చి దిగింది. దాని ప్రొపెల్లర్ వ్యాసం 7 మీటర్లు. ఎక్కువ గాలిని మెల్లగా నెడితే తక్కువ శక్తితో పని జరుగుతుందన్నది రాంకిన్, ఫ్రూడ్‌ల సిద్ధాంతం.

రేడియోతో నడిచిన ఎలక్ట్రిక్ మోడల్ విమానాల్లో చరిత్రకెక్కిన మొదటిది కల్నల్ హెచ్.జె. టాప్లిన్ ‘రేడియో క్వీన్’. ఇంగ్లండులో 1957 జూన్ 30న ఎగిరింది. సిల్వర్–జింక్ సెల్‌లు వాడారు. వాటి ధర మామూలు అభిరుచి గలవాళ్లకు అందేది కాదు. 1960లో జర్మనీలో ఫ్రెడ్ మిలిట్కీ రూపొందించిన ‘సైలెన్షియస్’ను గ్రౌప్నర్ కంపెనీ కిట్‌గా అమ్మింది. చిన్న మోటారు, దానికి గేర్లు, గేర్ల చివర నెమ్మదిగా తిరిగే ప్రాప్. వేగంగా తిరిగే మోటారును పెద్ద ప్రాప్‌తో కలపాలంటే మధ్యలో గేరు ఉండాలని ఈ కిట్ చూపించింది. ఇదే మిలిట్కీ చేతి మీదుగా 1973 అక్టోబరు 21న ఆస్ట్రియాలో మనిషి ఎక్కిన ఎలక్ట్రిక్ విమానం కూడా ఎగిరింది. అమెరికాలో బౌచర్ సోదరుల ఆస్ట్రో ఫ్లైట్ సంస్థ 1970ల్లో మోడళ్ల కోసమే మోటార్లు తయారు చేసింది. వాళ్ల ‘సన్‌రైజ్’ 1974 నవంబరులో సూర్యరశ్మితోనే ఎగిరింది.

ఆ తర్వాత చాలాకాలం రాజ్యమేలింది నికెల్–కాడ్మియం బ్యాటరీ, బ్రష్‌లున్న డబ్బా మోటారు. మబుచి కంపెనీ తయారుచేసిన ‘స్పీడ్ 400’ మోటారు వాటిలో బాగా పేరు తెచ్చుకుంది. సన్నగా, గుండ్రంగా ఉండే ఈ మోటారుకు నేరుగా తగిలిస్తే ఆరంగుళాల ప్రాప్ మించి పట్టేది కాదు. గేరుబాక్సు పెడితే ఎనిమిది, తొమ్మిది అంగుళాలు తిప్పేది. ‘ఎలక్ట్రిక్ విమానం ఎగరదు, ఈదుతుంది’ అని గ్లో ఇంజన్ల వాళ్లు ఎగతాళి చేసేవారు. బరువైన నికెల్ సెల్‌లను చూస్తే ఆ మాట పూర్తిగా అన్యాయం కూడా కాదు.

సీడీ డ్రైవు నుంచి వచ్చిన మోటారు

2000 ప్రాంతంలో పరిస్థితి ఒక్కసారిగా మారింది. పాడైన సీడీ–రామ్ డ్రైవుల్లోంచి చిన్న మోటారు ఊడదీసి, లోపలి రాగి తీగ తీసేసి లావు తీగతో మళ్లీ చుట్టి, నియోడైమియం అయస్కాంతాలు అంటించి ప్రాప్ తిప్పుకున్నవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. జర్మనీలో లూకాస్, రెట్స్‌బాఖ్, క్యూఫుస్ అనే ముగ్గురు ఇదే తరహాలో రూపొందించిన మోటారుకు వాళ్ల ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో ఎల్‌ఆర్‌కే అన్న పేరు స్థిరపడింది. వీటిలో తిరిగేది బయటి డబ్బా, కదలకుండా ఉండేది లోపలి తీగచుట్ట. అందుకే అవుట్‌రన్నర్ అన్నారు. అయస్కాంతాలు కేంద్రం నుంచి దూరంగా ఉండటంతో తిప్పే బలం ఎక్కువ, వేగం తక్కువ. గేరుబాక్సు లేకుండానే పది, పన్నెండు అంగుళాల ప్రాప్ తిరిగింది. లిథియం–పాలిమర్ బ్యాటరీ, అంటే లైపో, కూడా ఆ రోజుల్లోనే రావడంతో బరువు సమస్య చాలావరకు తీరింది.

దీంతోపాటే ‘కేవీ’ ప్రతి మోటారు లేబులుకూ ఎక్కింది. ఒక్క వోల్టు ఇస్తే లోడు లేకుండా నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె ఇది. 1000 కేవీ మోటారుకు 11.1 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే ఖాళీగా 11,100 చుట్లు తిరుగుతుంది. కేవీ ఎక్కువైతే మోటారు బలమైనదని అనుకోవడం పొరపాటు. ఒక్కో ఆంపియరుకు వచ్చే తిప్పుబలం కేవీ పెరిగేకొద్దీ తగ్గుతుంది. మోటారు ఎంత శక్తి భరిస్తుందో దాని బరువు, చల్లబడే తీరు చెబుతాయి, కేవీ చెప్పదు.

లెక్క

కిలో బరువున్న ట్రైనర్ విమానాన్ని తీసుకుందాం. వాటేజీకి అభిరుచి గలవాళ్లలో ఒక మోటు లెక్క ఉంది: నింపాదిగా ఎగరడానికి కిలోకు వంద వాట్ల పైచిలుకు, విన్యాసాలకు రెండు వందల పైచిలుకు. పది అంగుళాల వ్యాసం, అయిదు అంగుళాల పిచ్ ఉన్న ప్రాప్‌ను అదే 1000 కేవీ మోటారుకు, మూడు సెల్‌ల లైపోకు కలిపితే లోడు మీద నిమిషానికి సుమారు 8,500 చుట్లు వస్తాయి. ఒక్కో చుట్టుకు అయిదు అంగుళాలు ముందుకు పోతుందనుకుంటే గంటకు 65 కిలోమీటర్లు. దీన్ని పిచ్ వేగం అంటారు. విమానం గాల్లో నిలవలేక పడిపోయే వేగానికి ఇది రెండున్నర, మూడు రెట్లు ఉంటే చాలు. నిలబెట్టి చూస్తే ప్రాప్ నెట్టే బలం, అంటే థ్రస్ట్, కిలో దరిదాపుల్లో ఉంటుంది, కరెంటు 18 ఆంపియర్ల చుట్టూ. 30 ఆంపియర్ల ఈఎస్‌సీ సరిపోతుంది.

ప్రాప్ పది నుంచి పదకొండు అంగుళాలైతే? అదే ఆర్‌పీఎం దగ్గర థ్రస్ట్ వ్యాసానికి నాలుగో ఘాతంగా, కావలసిన శక్తి అయిదో ఘాతంగా పెరుగుతాయి. థ్రస్ట్ 46 శాతం, శక్తి 61 శాతం ఎక్కువ. నిజానికి ఆర్‌పీఎం కాస్త పడుతుంది కాబట్టి అంత పూర్తిగా రాదు. అయినా ఒక్క అంగుళమే కదా అని మార్చిన ప్రాప్ మోటారును పొగబెట్టగలదు. కొత్త ప్రాప్ వేసినప్పుడు పూర్తిగా చార్జి చేసిన బ్యాటరీతో, వాట్‌మీటరు పెట్టి, కొన్ని సెకన్లే నడిపి చూడాలన్న నియమం అందుకే పుట్టింది. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో బ్రాండ్ట్, సెలిగ్ 79 ప్రొపెల్లర్లను గాలిసొరంగంలో పరీక్షించి 2011లో వెల్లడించిన కొలతలు ఇప్పటికీ ఈ లెక్కలకు ఆధారం. వాటిలో ఎక్కువ 9 నుంచి 11 అంగుళాలవే.

హైదరాబాదు గాలి, డ్రోన్ నిబంధనలు

ఈ లెక్కలు చాలావరకు సముద్ర మట్టం దగ్గరి, 15 డిగ్రీల గాలికి రాసినవి. హైదరాబాదు సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి సాంద్రత ఆ ప్రామాణిక గాలి కంటే సుమారు 14 శాతం తక్కువ. అదే ఆర్‌పీఎం దగ్గర థ్రస్ట్ కూడా అంతే తగ్గుతుంది. గాలి పలచబడితే మోటారు మీద లోడు కూడా తగ్గి ఆర్‌పీఎం కొంత పెరుగుతుంది, నష్టం కొంత పూడుతుంది. అలాగని ప్రాప్ పెంచేయడం తెలివైన పని కాదు. ఎండలో మోటారు, ఈఎస్‌సీ చల్లబడవు, జనవరి ఉదయాన సాఫీగా నడిచిన జోడీ మేలో వేడెక్కుతుంది. అందుకని వేసవిలో తెల్లవారుజామునే ఎగరేయాలి. కారు డిక్కీలో ఎండకు వదిలేసిన లైపో ఉబ్బిందంటే దాన్ని ఇక వాడకూడదు.

నగరంలో కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలున్నాయి. సోల్డరింగ్ సామాను, తీగలు, కనెక్టర్లు అక్కడ దొరుకుతాయి. నగరంలోని ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకంలో గ్రామాల ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలిచే బాధ్యత సర్వే ఆఫ్ ఇండియాదే. గాల్లో ఎక్కువసేపు ఉండాల్సిన ఇలాంటి యంత్రాలకు నెమ్మదిగా తిరిగే పెద్ద ప్రాప్, తక్కువ కేవీ మోటారు కలుపుతారు.

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం 25 కిలోలు మించకుండా, చదువుకో సరదాకో కంటికి కనిపించేంత దూరంలో నడిపే మోడల్‌కు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ ఎక్కడ ఎగరేయవచ్చో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాల పటం చూసుకోవాలి. ఈ నగరంలో బేగంపేట, హకీంపేట విమానక్షేత్రాలు రెండూ ఉన్నాయి. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది, విడిభాగాలకు మాత్రం అనుమతి ఉంది. మోటార్లు, ప్రాప్‌లు, ఈఎస్‌సీలు విడివిడిగానే వస్తాయి. జోడీ కుదుర్చుకోవడం కొన్నవాళ్ల పనే.