ఒకే ఫలకము, పలు వన్నెలు: ముద్రాచిత్రకారుడు కృష్ణారెడ్డి

షోలాపురము తూర్పుభాగపు పద్మశాలి వాడలలో మగ్గమెరిగిన వారికి ఒక సంగతి చెప్పనక్కరలేదు. పేకలో ఎన్ని రంగులో అన్ని నాడెలు కావలయును. అచ్చు అద్దకములోను రంగునకొక అచ్చు. ఐరోపాలో లోహఫలకమును చెక్కి కాగితముపై ముద్రించు చిత్రకారులకును చిరకాలము ఇట్టి కట్టడియే యుండెను. సామాన్యముగా రంగునకొక ఫలకము చెక్కి, ఒకదానిపై నొకటి గురి తప్పకుండ అచ్చొత్తవలసివచ్చెడిది. ఈ కట్టడిని సడలించినవారిలో ముఖ్యుడు, చిత్తూరు జిల్లా నందనూరున 1925లో జన్మించిన కృష్ణారెడ్డి.

శాంతినికేతనమున నందలాల్ బోసు శిష్యుడై, పిదప మదరాసు కళాక్షేత్రమున చిత్రకళ బోధించి, ఆయన లండను చేరి స్లేడు పాఠశాలలో హెన్రీ మూరు వద్ద శిల్పము నభ్యసించెను. పారిసులో జాడ్కిన్, అటుపిమ్మట మిలానులో మరీనో మరీని ఆయనకు గురువులు. వీరందరును శిల్పులే యన్న మాట మరువరాదు. పారిసున హేటరు నడపిన 'అటెలియే 17' ముద్రణశాలలో అందరు ఫలకమును గీతలు గీయు రేకుగా చూడ, కృష్ణారెడ్డి దానిని మిట్టపల్లములు గల శిల్పముగా చూచెను.

పద్ధతి యిట్టిది. ఫలకమును పలు లోతులలో తొలిచి, అడుగు గాళ్లలో ఒక రంగు నింపి పైభాగము తుడిచెదరు. నూనె యెక్కువ కలిపిన రంగును గట్టి రోలరుతో దొర్లింపగా అది మిట్టలకే అంటును. పిదప చిక్కని రంగును మెత్తని రోలరుతో ఒత్తినచో అది పల్లములకు దిగును. మిట్టలపై నున్న జిడ్డు దానిని అంటనీయదు. అన్ని రంగులును ఒక్క ఒత్తుడులోనే కాగితమున కెక్కును.

ఈ ఘనతను ఆయన యొక్కనికే కట్టబెట్టుట న్యాయము గాదు. హేటరును, బొంబాయివాడైన కైకో మోటీయు ఇందు పాలుగలవారే. శిల్పి చేయి మాత్రము కృష్ణారెడ్డిదే. 1963 నాటి 'సుడిగుండము'న నీరు చదునైన కాగితముపై నిజముగా లోతుకు దిగుచున్నట్లే యుండును. చెక్కుడు చిత్రమన్న మూలమునకు నకలే యన్న చిన్నచూపునకు ఇంతకు మించిన సమాధానము అక్కరలేదు.

1965లో ఆ ముద్రణశాలకు సహసంచాలకుడై, 1972లో పద్మశ్రీ పొంది, 1976లో న్యూయార్కు చేరి అచ్చటి విశ్వవిద్యాలయమున బోధించెను. 2018లో ఆ నగరముననే కన్నుమూసెను. అచ్చట చేసిన 'మహావిదూషకుడు' ఫలకము ఒక్కటే. రంగుల పొందిక మార్చి మార్చి దానిని ఆయన ఎన్నియో రూపములుగా అచ్చొత్తెను.